అరకు కొండలలో పుట్టగొడుగుల వేట

మేఘగర్జనము వినినంతనే భూమి శిలీంధ్రములను పైకెత్తి, పంట పండనున్నదని తెలుపునని కాళిదాసు మేఘసందేశమున చెప్పినాడు. ఆ శ్లోకమును మేము మా నాయనగారియొద్ద పండ్రెండవయేట చదివితిమి. శిలీంధ్రమనగా పుట్టగొడుగని వారు చెప్పిరి. మల్లినాథసూరి మాత్రము దానికి కందళిక యని యర్థము వ్రాసెననియు, రెండును జ్ఞాపకముంచుకొమ్మనియు చెప్పిరి. జ్ఞాపకముంచుకొంటిమి. కాని పుట్టగొడుగును చేతబట్టి, తలక్రిందుగా త్రిప్పి, దాని యడుగుభాగమెట్లుండునో చూచుట యనునది మాకు ముప్పదియైదవయేట గాని తటస్థింపలేదు. అంతకు ముందే త్రిప్పి చూచియుండినచో నీ వ్యాసము వ్రాయవలసిన పని యుండెడిది కాదేమో.

సోదరీమణులారా, మొదట మా తప్పు చెప్పుకొనవలెను. మావారు శృంగవరపుకోటలో ఉపాధ్యాయులు. నిరుడు భాద్రపద మాసమున నాలుగు దినములు ముసురుపట్టి విడిచిన పిమ్మట, మా పెరటిగోడ ప్రక్కన పచ్చికలో తెల్లని గొడుగులు పళ్ళెమంతేసి లేచినవి. చూచుటకు ముచ్చటగా నుండెను. పైన అక్కడక్కడ గోధుమవన్నె పొలుసులు. సుశ్రుతుడు శాకములను చెప్పుచు గడ్డిమీద, చెఱకుమీద, పేడమీద, వెదురుమీద, నేలమీద పుట్టునవియని గొడుగులను జాతులుగా విడదీసినాడు గదా, ఇది నేలమీద పుట్టినదేయని మేము నిశ్చయించితిమి. అత్తగారు వలదనిరి. ఆమె వలదనుట ధర్మశాస్త్రమును బట్టి. మనువు ఉల్లి వెల్లుల్లులతో పాటు ఛత్రాకమును కూడ నిషేధించినాడు. ఉల్లిపాయ లేనిదే మా వంటింట పొయ్యి వెలుగదు కనుక మనువును మధ్యలో ఆపుకొనుట యెందులకని మేము మనసులో నవ్వుకొంటిమి. అత్తగారు ఉల్లియు ముట్టరు. ఆమె మాటకు ఆమె కట్టుబడియున్నారు. నవ్వుటకు మాకే యధికారము లేకపోయెను.

వండితిమి. మావారు ఆ పూట ఊరిలో లేరు. మేమును, తొమ్మిదేండ్ల మా పిల్లవాడును తింటిమి. రెండు గంటలైనను గడువకమునుపే వాంతులు, విరేచనములు. పొరుగువారు కారులో ఆసుపత్రికి చేర్చిరి. రాత్రియంతయు సెలైను ఎక్కించిరి. మఱునాటి మధ్యాహ్నమునకు కోలుకొంటిమి గాని, పిల్లవాని పెదవులు ఎండి, కన్నులు లోతుకు పోయిన ఆ రాత్రి ముఖము ఇప్పటికిని మఱపునకు రాదు. వైద్యుడొకమాట చెప్పెను: "వెంటనే వాంతులైనవి, అదృష్టవంతులు. ప్రాణము తీయు జాతులు ఆఱు గంటలు, పండ్రెండు గంటలు ఊరకుండి పిమ్మట పట్టుకొనును. నడుమ ఒకదినము బాగైనట్లే యుండి కాలేయమును చెఱచును." 2022 ఏప్రిలులో అస్సాములో అడవి గొడుగులు తిని 13 మంది పోయిరి. వారిలో పెక్కండ్రు తేయాకు తోటలలో పని చేయువారి కుటుంబములవారు. ఆ విషమునకు ఉడికించుటయు లెక్కలేదు, వేయించుటయు లెక్కలేదు.

అత్తగారు మమ్ము ఒక్కమాట యనలేదు. అనియుండిన బాగుండెడిది. ఆ దినము మొదలు మా యింట పుట్టగొడుగు అను మాట వినబడలేదు.

ఈ సంవత్సరము జ్యేష్ఠమాసము చివర మావారి శిష్యుడొకడు, అరకు ప్రాంతమున ఉపాధ్యాయుడైనవాడు, ఆషాఢమున తమ పల్లెలో ఆడవారందఱు కూడి పుట్టగొడుగులకు వెళ్ళుదురనియు, తెచ్చినవి వండి ఊరంతయు ఒక్కపంక్తిని భుజింతురనియు, మేమును రావలెననియు కబురు పంపెను. మావారు ఆ ఫోను మాటలు మాకు చెప్పుటకు రెండు దినములు తటపటాయించిరి. మేము వెంటనే వెళ్ళెదమంటిమి. అత్తగారు పిల్లవానిని విడిచి వెళ్ళుడనిరి. వాడు రైలెక్కెదనని ఏడ్చెను. చివరకు, "అక్కడ వాడేమియు తినరాదు" అను కట్టుబాటుతో ముగ్గురము బయలుదేరితిమి.

శృంగవరపుకోట విడిచిన పిమ్మట రైలు కొండలలోనికి ప్రవేశించును. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960వ దశకమున వేసిన మార్గమిది. మనుష్యులకంటె రాతికే దీనిలో నెక్కువ మర్యాద. ఖనిజపు బండి వచ్చిన, మన బండి ప్రక్కకు తొలగి నిలువవలసినదే. బొడ్డవర, శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొఱ్ఱా గుహలు. ఒక సొరంగము విడిచినంతనే మఱియొకటి. చీకటి పడినప్పుడెల్ల పిల్లలు కేకలు వేయుదురు, వెలుతురు వచ్చినప్పుడు ఎడమప్రక్క లోయ నిండ మేఘము. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న అరకులో దిగునప్పటికి శాలువ కప్పుకొనవలసి వచ్చెను. ఈ మన్యపు సీమ 2022 నుండి అల్లూరి సీతారామరాజుగారి పేర జిల్లాయైనది. పాడేరు ముఖ్యపట్టణము. అరకునుండి ఆటోలో గంట ప్రయాణము చేసి పల్లె చేరితిమి. బగతలు, కొండదొరలు, కొటియాలు కలసియున్న ఊరు. ఆ రాత్రి శిష్యుని యింటనే పడక.

తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ఆయన భార్య మమ్ము లేపెను. బయట ముప్పదిమందికి పైగా ఆడవారు వెదురు బుట్టలతో సిద్ధముగా నుండిరి. అందఱిలో పెద్దది ఒక ముసలమ్మ. ఊరివారందఱు ఆమెను మామ్మ అందురు, మేమును అట్లే పిలిచితిమి. ఆమె మా చేతిలోని ప్లాస్టిక్కు సంచిని చూచి, "అది ఈడ పారెయ్యి, మేస్టారమ్మా. అందులో ఏస్తే ఉడికిపోయి కుళ్ళిపోతాయి" అని తన బుట్ట నిచ్చెను. చీకటిలో ఎందులకు పోవలెనని మేమడిగితిమి. ఎండ తగిలిన గొడుగు విచ్చును, విచ్చినదానికి పురుగు పట్టును, అదియుగాక ప్రక్క ఊరివారు ముందు పోవుదురు అని మూడు కారణములు చెప్పెను. మూడవదే ముఖ్యమని ఆమె నడక చూడగా తెలిసినది.

సిల్వరు ఓకు చెట్లకు మిరియపు తీగలు ప్రాకిన కాఫీతోటల ప్రక్కగా ఎక్కితిమి. ఈ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. తోట దాటిన పిమ్మట మద్దిచెట్ల అడవి. మామ్మ దారి చూచుట లేదు, పుట్టలను చూచుచున్నది. ఏ పుట్టనుండి తొలకరికి ఉసిళ్ళు లేచినవో వీరందఱు గుర్తుపెట్టుకొందురట. ఉసిళ్ళు లేచిన పుట్ట బ్రతికియున్న పుట్ట. బ్రతికియున్న పుట్టయే గొడుగు పెట్టును.

ఇచ్చట కొంచెము నిలిచి ఈ పుట్ట సంగతి చెప్పవలెను. కార్తిక శుద్ధ చవితినాడు ఏటేట పుట్టలో పాలు పోయుచున్నాము. ఆదికవికి పేరు వచ్చినదియు వల్మీకము వలననే. అయినను ఆ మంటి గోడల లోపల నొక వ్యవసాయము జరుగుచున్నదని మేమెఱుగము. చెదపురుగులు ఎండుటాకును, పుల్లను కొఱికి తిని, ఆ మలముతో లోపలి గదులలో తేనెపట్టువంటి ఒక పదార్థమును కట్టును. దానిమీద ఒక బూజు పెరుగును. కఱ్ఱలోని గట్టి పదార్థమును జీర్ణించుకొను శక్తి చెదలకు చాలదు, బూజునకు కలదు. బూజు దానిని మెత్తపఱచును, చెదలు తిరిగి దానిని తినును. ఆ గదులలో వేడి ఎండకాలమైనను వానకాలమైనను ఇంచుమించుగ సమముగా నుండునట్లు కాచుచుండును. ఆ బూజే వానలలో పొడవైన వేరువలె మన్ను చీల్చుకొని వచ్చి గొడుగు విప్పును. అదే పుట్టగొడుగు. మన భాషలో ఆ పేరు పెట్టినవారు ఎవరో గాని చూచి పెట్టినారు. తరంగంబాడి మిషనులో వైద్యుడుగా నుండిన కోనిగ్ అనునతడు తంజావూరు సీమలో చెదపుట్టలను పరిశీలించి, లోపలి ఈ బూజును గూర్చి 1779లోనే వ్రాసెను. ఇది చెదలు లేనిచోట పెరుగదు. దీనిని మనుష్యులు తోటగా పెంచుటకు చేసిన యత్నములు ఫలింపలేదు. పుట్టలు త్రవ్విపోసి నేల చదును చేసినచో, దానితో పాటు ఈ కూరయు పోవును.

మొదటి పుట్టయొద్ద మామ్మ మోకాళ్ళమీద కూర్చుండి ఎండుటాకులు తొలగించెను. క్రింద ఇరువది ముప్పది గొడుగులు, ఇంకను విచ్చనివి, నడినెత్తిన చిన్న మొనతో. ఎవ్వరును గబాలున లాగలేదు. వ్రేళ్ళతో మొదలు పట్టుకొని మెల్లగా త్రిప్పి, చిన్న కఱ్ఱతో ప్రక్క మన్ను కదల్చి తీసిరి. గొడుగంత పొడవున వేరు దిగువకు పోవుచున్నది. మామ్మ దానిని మాకు చూపి, "ఈ తోక కిందకి పోవాలి. పోకపోతే నాకొద్దు" అనెను. ఆ పిమ్మట దానిని తలక్రిందుగా త్రిప్పి మడతలు చూపెను. తెలుపు. ముదిరినవానిలో కొంచెము గులాబిచాయ. మొదట సంచివంటి గిన్నె లేదు. వాసన పచ్చిపిండివలె నున్నది. "ఒక్క గుర్తు సూసి ఏరీకూడదు. అన్ని గుర్తులూ కూడితేనే బుట్టలోకి." తీసిన పిమ్మట ఆ కన్నమును మన్నుతో పూడ్చెను. విచ్చి వ్రాలిన నాలుగింటిని అక్కడనే విడిచెను.

ఇంకొక పుట్టయొద్దకు పోగా, దానిని ఎవరో గడ్డపాఱతో సగమునకు త్రవ్వివేసియుండిరి. ఆ స్త్రీలందఱు ఒక్కసారిగా మాటలు మానిరి. సంతలో ఆకుదొన్నెలలో పోసి యమ్మునప్పుడు పట్టణములవారు అడిగిన ధర నిత్తురు కనుక, ఈ నడుమ తెలియనివారు వచ్చి త్రవ్వుకొని పోవుచున్నారట. మామ్మ చెదిరిన మన్ను చేతులతో దగ్గఱకు తీసి, "మూడేళ్ళదాకా పెట్టదు ఇది" అని మఱియొక మాట లేక ముందుకు నడచెను.

పిల్లవాడు ఈ లోపల ఒక చింకిచెట్టు మొదట ఎఱ్ఱని గొడుగును చూచి కేకవేసెను. మేము వాని చేయి పట్టి లాగినంత వేగముగా ఎప్పుడును దేనిని లాగియుండము.

తొమ్మిది గంటలకు బడిముందరి తావునకు తిరిగి వచ్చితిమి. అడ్డాకులు పఱచి, అందఱి బుట్టలును ఒక్కచోట గ్రుమ్మరించిరి. ఎవరిది ఎంతయను లెక్క లేదు. మామ్మయు, ఆమె యీడుదే మఱియొక ముసలమ్మయు ఎదురెదురుగా కూర్చుండి ఒక్కొక్కదానినే ఎత్తి, త్రిప్పి, మూచూచి, వేఱుచేయసాగిరి. ఇద్దఱును సరేయన్నదే సరి. ఒకతె ముఖము చిట్లించినచో అది గుంటలోనికి పోవును. అట్లు గుంటలో పడినవి పిడికెడే, అందులో రెండు మేము తెచ్చినవి. వెండిచెంచా నల్లబడునా యని చూతురని, వెల్లుల్లి రంగు మాఱునా యని చూతురని మేము విన్న మాటలు చెప్పగా, ముసలమ్మలిద్దఱును ఒకరినొకరు చూచుకొనిరి. "చెంచాకేటి తెలుస్తాది?" అని రెండవ ఆమె అనెను. వైద్యశాస్త్రమును ఇదే చెప్పుచున్నది. చీమ తిన్నది, నత్త తిన్నది అను గుర్తులును అట్టివే.

ఏఱిన పిమ్మట మొదటి భాగము, అడవికి రాజాలని ముసలివారి యిండ్లకును, ఒక బాలింత యింటికిని పంపిరి. మిగిలినది పంక్తి భోజనమునకు.

వంట జరుగుచుండగా శిష్యుని భార్య తమ సంఘమువారి పుట్టగొడుగుల పాకను చూపినది. ఇవి అడవివి కావు, ముత్యపుచిప్ప గొడుగులు. వరిగడ్డిని రెండంగుళముల ముక్కలుగా కోసి, ఒక రాత్రి నానబెట్టి, మఱుగు నీటిలో ఉడికించి, ముద్దచేసిన నీరు కాఱనంతవఱకు ఆఱబెట్టి, ప్లాస్టిక్కు సంచులలో ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనముగా నింపి, సంచికి చిల్లులు పొడిచి చీకటిగదిలో వ్రేలాడదీయుదురు. పదునైదిరువది దినములలో గడ్డియంతయు తెల్లని దారములు అల్లుకొనును. అప్పుడు సంచి కోసి వెలుతురు, గాలి, తడి తగులనిచ్చిన వారములోపల కోతకు వచ్చును. సుశ్రుతుడు చెప్పిన గడ్డిమీది జాతి మాట మాకు ఇచ్చట జ్ఞాపకము వచ్చినది గాని, ఈ తడవ నోరు మెదపలేదు. పట్టణములలో నున్న మనవంటివారికి ఇదియే క్షేమము. ఈ వ్యాసము చదివి పెరటిలోని గొడుగులను కోయబోవువారుండినచో, మా ఆసుపత్రి రాత్రిని మఱల చదువుడు.

వంట చూచితిమి. వేరుల మన్ను గీకి, ఉప్పును పసుపును కలిపిన నీళ్ళలో మూడుమాఱులు కడిగి, కత్తి పెట్టక చేతితో నిలువుగా చీల్చిరి. పెద్ద మట్టికుండలో వలిసెనూనె కాచి, ఉల్లిపాయలు, పచ్చిమిరప, దంచిన పచ్చిపసుపు వేసి, గొడుగులు వేసి మూతపెట్టిరి. నీరు పోయలేదు, దాని నీరే అది విడిచినది. కొన్నిటిని ఉప్పు కారము పట్టించి అడ్డాకులో చుట్టి నిప్పులలో కప్పిరి. ఇవిగాక సామల యన్నము, కందిపప్పు, చింతపండు పులుసు, చోడి అంబలి. అన్నియు ఊరి పొలములవే. చింతపండు మాత్రము అడవిది. ముందుగా ఒక యాకులో కొంచెము కొంచెము పెట్టి ఊరిదేవతకు చూపించిరి. కొత్తగా వచ్చిన దేనినైనను అట్లు చూపక తినుట వీరికి లేదు.

పంక్తిలో కూర్చుంటిమి. ఆకులో కూర పడినది. పిల్లవాడు రెండు చేతులును వెనుకకు దాచుకొనెను. నిజము చెప్పవలెనన్న మా చేయియు కదలలేదు. మామ్మ చూచి, "ఏటమ్మా?" అని అడిగెను. ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. ఆమె అంతయు విని, "మడతలే రంగు?" అని అడిగెను.

"చూడలేదు, మామ్మా."

"తిరగెయ్యనే నేదా?"

లేదంటిమి. ముప్పదిమంది యెదుట చెప్పవలసి వచ్చెను. ఎవ్వరును నవ్వలేదు. ముదిరిన పిమ్మట మడతలు ఆకుపచ్చగా మాఱు తెల్లగొడుగొకటి పచ్చికలో లేచునని ఆమె చెప్పెను. వైద్యుడు చెప్పినదియు దానినే. అటుపిమ్మట నెమ్మదిగా, తన తమ్ముని కూతురు కఱవునాడు ఒంటరిగా ఏఱుకొని తిని మూడవనాటికి పోయినదని చెప్పెను. "ఆ నాటి నుంచే ఇద్దరం కూకుంటాం" అనెను. తరువాత తన యాకులోని కూరను ముందుగా తాను తిని, మా వంక చూడక పప్పు కలుపుకొనసాగెను.

మేము తింటిమి. మాంసము ఎఱుగనివారము గనుక దానితో పోల్చి చెప్పలేము. లేత పనసముక్క మెత్తదనము, కొత్తగా దంచిన వడ్లపిండి కమ్మదనము, మొదట కఱకఱమని, పిమ్మట జాఱిపోవును. ఆకులో కాల్చినది మఱియు బాగున్నది. పిల్లవాడు పప్పును సామన్నమును మాత్రము తినెను. ఎవ్వరును వానిని బలవంతము చేయలేదు. బెల్లము వేసిన నల్లని కాఫీ యిచ్చిరి. మావారు రెండు లోటాలు త్రాగిరి.

సాయంకాలపు బండికి తిరిగి బయలుదేరితిమి. సంఘమువారి ముత్యపుచిప్ప గొడుగులు అరకిలో, కాఫీపొడి పొట్లమును చేతికిచ్చిరి. ఇల్లు చేరునప్పటికి రాత్రి పొద్దుపోయినది. అత్తగారు మనుమని కాళ్ళు కడిగి, "తింటివా?" అని అడిగిరి. లేదనెను. "మీ అమ్మ?" "తిన్నది." ఆమె మఱేమియు అడుగలేదు.

నడిరేయి మెలకువ వచ్చి చూడగా, అత్తగారు మా గది గడపయొద్ద పీటవేసుకొని, గోడగడియారము వంక చూచుచు కూర్చుండియుండిరి. కొన్ని విషములు పండ్రెండు గంటలకు గాని బయటపడవని నిరుడు వైద్యుడు చెప్పిన మాట మేము మఱచినను ఆమె మఱువలేదు. పడుకొనుడంటిమి. "నిద్ర పట్టలేదులే" అనిరి. మధ్యాహ్నము తిన్నాము కనుక పండ్రెండు గంటలును గడచినవని చెప్పితిమి. ఆమె వ్రేళ్ళు మడచి మఱల లెక్కించుకొని, లేచి దీపము తగ్గించిరి.

తెల్లవాఱి అరకు కాఫీ చేతికిచ్చునప్పుడు అడిగిరి: "అందులో ఉల్లి వేసినారా?"